తప్పు తెలుగుది కాదు మాష్టారూ!

"తెలుగులో పంపితే సంతకం చెల్లట్లేదండీ, ఇంగ్లీషులో పంపేద్దాం." ఈమధ్య రాజమండ్రిలో ఓ కాలేజీ ఆఫీసులో విన్నమాట ఇది. పేరెందుకు లెండి. తల్లిదండ్రులకి పంపే ఇంగ్లీషు మెయిళ్ళు చక్కగా చేరుతున్నాయిట. తెలుగువి మాత్రం డీకిమ్ పరీక్ష తప్పి స్పాములో పడుతున్నాయిట. అంచేత తెలుగుకే ఎసరు పెట్టారు! ఇంగ్లీషు రాని తల్లిదండ్రుల గతేంటో ఎవరికీ పట్టలేదు.

అసలు సంగతి చూద్దాం. డీకిమ్ సంతకం అర్థాన్ని చూడదు, బైట్లని చూస్తుంది. ఇంగ్లీషక్షరం ఏడు బిట్లలో ఇమిడిపోతుంది. యూటీయఫ్-8లో మన 'అ'కి మూడు బైట్లు కావాలి, మూడింటికీ ఎనిమిదో బిట్టు కావాలి. దారిలో ఏ పాత సర్వరో "8బిట్ నాకు రాదు" అందనుకోండి, దానికి అందించే సర్వరు ఉత్తరాన్ని బేస్64లోకో కోటెడ్-ప్రింటబుల్‌లోకో మార్చేస్తుంది. మొదటిదాంట్లో 'అ' నాలుగక్షరాలవుతుంది, రెండోదాంట్లో తొమ్మిది. చదివేవాళ్ళకి అదే ఉత్తరం, సంతకానికి మాత్రం వేరే ఉత్తరం. "రిలాక్స్‌డ్ పెట్టాం కదా" అంటారు కొందరు. అది ఖాళీల తేడాల్ని క్షమిస్తుందంతే, దీన్ని కాదు.

ఆత్రేయపురం పూతరేకుల పెట్టెకి సీలేసి బండెక్కించారు. మధ్యలో ఎవరో విప్పి వేరే పెట్టెలో సర్దారు. రేకులు అవే, సీలు పోయింది. అందుకని పూతరేకులు మానేసి బిస్కట్లు పంపుతామా? ముందే గట్టి పెట్టెలో సర్ది, ఆ తర్వాత సీలేస్తాం.

ఇది నా సొంత కవిత్వం కాదు. సంతకానికి ముందే 7బిట్‌లోకి మార్చుకోమని 2007 నాటి ఆరెఫ్సీ 4871 చెప్పింది, 2011లో 6376 మళ్ళీ చెప్పింది. పీజీపీ సంతకాలకైతే 2001లోనే ఆరెఫ్సీ 3156 దీన్ని తప్పనిసరి చేసింది.

అనుమానముంటే పంపిన మెయిలూ, అందిన మెయిలూ మూలరూపంలో పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ 8బిట్ అనీ, ఇక్కడ బేస్64 అనీ ఉంటే దొంగ దొరికినట్టే. సైజు మూడోవంతు పెరుగుతుందని గోలెందుకు? గుడ్మార్నింగ్ ఫొటోలకి లేని బరువు తెలుగక్షరాలకొచ్చిందా?

2024 ఫిబ్రవరి నుంచి రోజుకి 5000 పైన పంపేవాళ్ళకి జీమెయిల్ డీకిమ్ తప్పనిసరి చేసింది. కాబట్టి "తెలుగు తీసేద్దాం" అన్న మాట ఇంకా చాలా ఆఫీసుల్లో వినబడుతుంది. అన్నవాళ్ళని అక్కడే నిలదియ్యండి. మార్చాల్సింది సర్వరు సెట్టింగు, మన భాష కాదు.