బీదల బైబిలు ఎవరి చేతిలో?

1455 ప్రాంతంలో గూటెన్‌బర్గ్ బైబిలు వెలువడింది. ఇంచుమించు ఆ సంవత్సరాల్లోనే నెదర్లాండ్స్, జర్మనీ ప్రాంతాల్లో మరో రకం పుస్తకాలు తయారయ్యాయి. బొమ్మనూ అక్షరాలనూ కలిపి ఒకే చెక్కపలకపై తిరగేసి చెక్కేవారు. సిరా పూసి, కాగితం పరిచి, వెనుక నుంచి రుద్దేవారు. అలా రుద్దిన కాగితం రెండో వైపు అచ్చుకు పనికిరాదు కాబట్టి ఖాళీ వైపులను ఒకదానికొకటి అంటించేవారు. వాటిలో 40 పేజీల పుస్తకం ఒకదానికి తరువాతి కాలంలో 'బిబ్లియా పౌపెరుమ్' అనే పేరు స్థిరపడింది. అంటే బీదల బైబిలు.

పేరు వినగానే మనకు సంతోషం. సువార్త బీదలకే కదా! కానీ ఒక పేజీ తెరిచి చూద్దాం. నడుమ సిలువపై క్రీస్తు. ఒక పక్క ఇస్సాకును బలి ఇవ్వబోతున్న అబ్రాహాము, మరో పక్క మోషే ఎత్తిన ఇత్తడి సర్పము. పైనా కిందా ప్రవక్తలు. పాత నిబంధనలోని ఛాయలు తెలిసినవారికి అది ఒక పూర్తి ప్రసంగం. తెలియనివారికి? చుట్టూ కిక్కిరిసిన పొట్టి పొట్టి లాటిన్ మాటలు. పొలం దున్నే మనిషికి లాటిన్ ఎక్కడిది? ప్రసంగాలు సిద్ధపరచుకునే సామాన్య పాదిరీలకు ఇది ఉపయోగపడి ఉంటుందని పండితుల్లో చాలామంది అభిప్రాయం. చేతిరాత ప్రతికంటే చవకే, కాదనము. అయినా పేరు బీదవారిది, పుస్తకం మరొకరిది.

అదే కాలపు 'ఆర్స్ మోరియెండి' మంచి మరణానికి సిద్ధపరచే పుస్తకం. అందులో 11 బొమ్మలు. రోగి మంచం చుట్టూ దయ్యాలు చేరి శోధిస్తుంటాయి. దురాశ బొమ్మలో అవి అతనికి ఏమి చూపిస్తున్నాయి? అతని ఇల్లు, ద్రాక్షారసపు పీపాలు, లాయంలోని గుర్రం. విడిచిపోవడానికి పీపాలూ గుర్రమూ ఉన్నవాడన్నమాట! భార్యాపిల్లలకు అప్పు మిగిల్చి పోతున్న కూలివాని దిగులు ఆ 11 బొమ్మల్లో లేదు.

ఎవరిని అడిగి చెక్కారు అన్న ప్రశ్న మన దాకా వస్తుంది. షోలాపూరులో, హోసూరులో, రాయగడలో మన సంఘాల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బడిలో మరాఠీ, తమిళం, ఒడియా చదువుతారు. తెలుగు బైబిలు తెరిస్తే వారిలో చాలామందికి అది లాటిన్ లాంటిదే. ఈ పత్రికా అంతే. దీనిలోని వ్యాసాలను చదివి రికార్డు చేసి పంపాలని మేము ఆలోచిస్తున్నాము. మొదలుపెట్టకముందే మీ సంఘంలో తెలుగు మాట్లాడుతూ చదవలేనివారు ఎందరో చూడండి. వారు ఏమి వినాలనుకుంటున్నారో వారినే అడిగి మాకు వ్రాయండి.