సీఎస్ఈకి ఏ మ్యాథ్స్: ప్యూరా, అప్లైడా?



పేరెంట్స్ మీటింగుల్లో తరచూ వినే ప్రశ్న ఇది: "మా వాడు సీఎస్ఈ చేస్తానంటున్నాడు మేడం, ఏ మ్యాథ్స్ మీద దృష్టి పెట్టాలి?" బీటెక్‌లో డిస్క్రీట్ మ్యాథ్స్, ప్రాబబిలిటీ ఎలాగూ ఉంటాయి. ఎలెక్టివ్‌ల దగ్గరే అసలు ఎంపిక. లెక్కను పనికి వాడే అప్లైడ్ మ్యాథ్సా, అది ఎందుకు నిజమో నిరూపించే ప్యూర్ మ్యాథ్సా?

నా సలహా: ఎక్కువ కోర్సులు అప్లైడ్‌లో తీసుకోనివ్వండి. ఏఐ, డేటా సైన్స్ నడిచేది ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రా మీదే. బోరు వేస్తే నీళ్లు పడతాయా అని ఆలోచించే మన సీమవాళ్లకు ప్రాబబిలిటీ కొత్తేం కాదు. కానీ నిరూపణలు నేర్పే ప్యూర్ కోర్సు ఒక్కటైనా ఉండాల్సిందే.

ఎందుకంటారా? ఫెర్మా 1640లో ప్రధాన సంఖ్యల గురించి ఒక సిద్ధాంతం చెప్పాడు. దాన్ని వాడుకునే యంత్రమేదీ అప్పుడు లేదు. 1977లో రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్ ఆ కోవ గణితంతోనే ఆర్ఎస్ఏ అనే రహస్య సంకేత పద్ధతి తయారు చేశారు. ఇంటర్నెట్‌లో మన సమాచార భద్రతకు అది దశాబ్దాలుగా అండగా ఉంది.

మన సి.ఆర్. రావు గారినే చూడండి. 1920లో బళ్లారి జిల్లా హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, తర్వాత కలకత్తాలో స్టాటిస్టిక్స్ చదివారు. 1945లో ఆయన ప్రచురించిన పరిశోధనకు 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది.

ఈ ఎంపికకు పునాది పదో తరగతిలోనే పడుతుంది. రూట్ 2 కరణీయ సంఖ్య అని నిరూపించడం ప్యూర్. సగటు, మధ్యగతం లెక్కించడం అప్లైడ్. పిల్లలు రెండోది ఇష్టంగా చేస్తారు, మొదటిది బట్టీ పడతారు. ఈఏపీసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 మ్యాథ్స్. ప్రశ్నకు నిమిషం పైచిలుకే. ఆ వేగంలో షార్ట్‌కట్‌కే చోటు, "ఎందుకు" అన్న ప్రశ్నకు లేదు. షార్ట్‌కట్ సీటు తెచ్చిపెట్టొచ్చు. రేపు తను రాసిన ప్రోగ్రామ్ ఎక్కడ తప్పిందో వెతకాలంటే మాత్రం మెట్టు మెట్టుగా ఆలోచించే అలవాటే కావాలి.

అందుకే ఒక విన్నపం. ఈ ఆదివారం "ఎన్ని మార్కులు?" అని అడగకండి. "రూట్ 2 సంగతి పుస్తకం చూడకుండా నాకు చెప్పు" అని అడగండి. మీకు మ్యాథ్స్ రాకపోయినా ఫర్వాలేదు. మధ్యమధ్యలో "అదెలా?" అంటూ ఉంటే చాలు. అక్కడ బిడ్డ తడబడితే కోప్పడకుండా మాకు చెప్పండి, ఆ మెట్టు నుంచి మేము మళ్లీ మొదలుపెడతాం.