నొప్పి పోయింది సరే, ఎముక సంగతి ఏమిటి?



మోకాలి కీలు మార్పిడి గురించి మన బోరంచలో ఇప్పుడు చాలామందికి తెలుసు. భుజం కీలు కూడా మారుస్తారంటే మాత్రం "భుజానికి కూడానా సిస్టరమ్మా?" అని ఆశ్చర్యపోతారు. కీలు పూర్తిగా అరిగిపోయినా, కిందపడి భుజం ఎముక తల ముక్కలైనా ఈ ఆపరేషన్ చేస్తారు. ఇది నిన్నటి వైద్యం కాదు. 1893లోనే పారిస్‌లో పియాన్ అనే సర్జన్ క్షయ సోకిన భుజానికి కృత్రిమ కీలు అమర్చారు. చీము పట్టడంతో సుమారు రెండేళ్లకు దాన్ని తీసివేశారు. ఇప్పటి కీళ్లు ఎంతో మెరుగైనవి, ఏళ్ల తరబడి పనిచేస్తాయి.

అయితే ఆపరేషన్ తర్వాత నొప్పి పోగానే మనవాళ్లు ఆసుపత్రి ముఖం చూడరు. "నొప్పి లేదు కదా, బస్సు ఖర్చు దండగ" అంటారు. ఇది సరికాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఎముక రాయి కాదు, ప్రాణమున్నది. బరువు మోస్తే గట్టిపడుతుంది, పని లేకపోతే తరిగిపోతుంది. ఈ సంగతి వోల్ఫ్ అనే జర్మన్ సర్జన్ 1892లోనే వివరించారు. భుజం మార్పిడిలో చాలాసార్లు చేతి ఎముక లోపల లోహపు కడ్డీ దించుతారు. లోహం ఎముక కంటే ఎన్నో రెట్లు బిగువైనది. కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటే లాగితే రెండోది ఊరికే నడిచినట్టు, బరువంతా కడ్డీ మోస్తుంటే భుజం దగ్గరి ఎముకకు పని తగ్గుతుంది. అక్కడ ఎముక పలచబడుతుంది. లావు కడ్డీతో ఇది ఎక్కువ. అందుకే ఇప్పుడు పొట్టి కడ్డీలు, అసలు కడ్డీ లేని కీళ్లు కూడా వాడుతున్నారు.

భయపడకండి. ఇలా పలచబడిన చాలామందికి ఏ బాధా ఉండదు. కానీ జారి పడితే కడ్డీ చుట్టూ ఎముక విరగవచ్చు. మళ్లీ ఆపరేషన్ అవసరమైతే కొత్త కీలు నిలవడానికి ఎముక చాలకపోవచ్చు. పైగా కీలు వదులైనా, లోపల నెమ్మదిగా చీము పట్టినా ఎముక తరుగుతుంది. ఏది కారణమో తేల్చాలంటే డాక్టరు పాత ఎక్స్‌రేను, కొత్త ఎక్స్‌రేను పక్కపక్కన పెట్టి చూడాలి. కాబట్టి ఆపరేషన్ కాగానే తీసిన ఎక్స్‌రేను భూమి పట్టా కాగితంలా భద్రంగా దాచండి. నొప్పి లేకపోయినా చెప్పిన తేదీకి రండి.

ఇంట్లో వాళ్లకూ ఒక మాట. "అత్తమ్మను ఏ పనీ ముట్టుకోనివ్వం" అనడం ప్రేమే. కానీ డాక్టరు అనుమతించిన తర్వాత కూడా చేతిని కట్టేసినట్టు ఉంచితే మేలు జరగదు. నేర్పిన వ్యాయామాలు చేయించండి, చిన్న పనులు చేయనివ్వండి. బరువులు మాత్రం అడగకుండా ఎత్తనివ్వకండి.

కడ్డీ వల్ల తరిగేదాన్ని పూర్తిగా ఆపలేం. ఒంట్లోని మిగతా ఎముకను కాపాడుకోవడం మన చేతిలో ఉంది. పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, ముట్లు ఆగిన స్త్రీలకు 1200 అవసరమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించింది. 100 గ్రాముల జొన్నల్లో అది 30 మిల్లీగ్రాములు కూడా ఉండదు, రాగుల్లో సుమారు 350 ఉంటుంది. జొన్నరొట్టె మానమని కాదు, వారంలో కొన్ని పూటలు రాగులు, రోజూ పాలో పెరుగో చేర్చండి. ఎండ తగలనివ్వండి. పొగాకు మానండి. ఒళ్లునొప్పులకు పేరు తెలియని బిళ్లలు వాడకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎముకను గుల్ల చేస్తుంది. ఆపరేషన్‌కు ముందే ఎముక సాంద్రత పరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి.

మా లోపం కూడా ఒప్పుకోవాలి. డిశ్చార్జి రోజున కుట్ల గురించి, మందుల గురించి చెబుతాం, ఎముక గురించి చెప్పడం మరచిపోతాం. ఇకపై మేము చెప్పకపోతే మీరే అడగండి. "సిస్టర్, నా ఎముక ఎలా ఉంది?" అని అడిగే హక్కు మీకుంది.

— నర్సింగ్ సూపరింటెండెంట్