మామయ్య కారు ఎందుకు కదలదు?



పోయిన నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచనలో పడవేసింది. రాసినవాడు ఏడో తరగతి చదివే కుర్రవాడు. వేసవి సెలవులకు అమ్మతో కలిసి ఇంగ్లండులో వున్న మేనమామ ఇంటికి వెళ్ళాడట. అక్కడ షెడ్డులో దుప్పటి కప్పి ఒక చిన్న కారు వున్నది. దుప్పటి తీస్తే పాత సినిమాల్లో కారులాగా గుండ్రంగా, ముద్దుగా వున్నదట. పైకప్పు కూడా తెరవవచ్చునట. కాని వున్న నెలరోజుల్లో మామయ్య దాన్ని ఒక్కసారైనా బయటికి తీయలేదు. "మైళ్ళు పెరిగితే విలువ తగ్గుతుందిరా. ముందు ముందు ఇది అపురూపమైన వస్తువు అవుతుంది" అన్నాడట. "వస్తువు పాతబడితే చవక కావాలి గదా మాస్టారూ, ఇది ఎలా ప్రియమవుతుంది? నడపకుండా దాస్తే కారు నిజంగా బాగుంటుందా?" అని కుర్రవాడి ప్రశ్న.

ఆ కారు పేరు ఫిగారో. చూడటానికి 1950 ప్రాంతాల కారులా వుంటుంది గాని, అది అమ్మకానికి వచ్చింది 1991లో, జపానులో. నిస్సాన్ కంపెనీవారు తమ మైక్రా అనే మామూలు చిన్న కారు యంత్రభాగాలనే తీసుకుని, వాటిమీద పాతకాలపు రూపం తొడిగారు. లోపల ఏసీ వున్నది, పాటలకు సీడీ ప్లేయరు వున్నది, గేర్లు వాటంతట అవే మారతాయి. తాతగారి కోటు తొడుక్కున్న మనవడన్నమాట! పైకప్పు తీరు కూడా వేరు. కిటికీలపైన రెండు పక్కలా చట్రం అలాగే నిలిచి వుంటుంది. మధ్యనున్న గుడ్డకప్పు మాత్రం మడతపడి వెనక భాగంలోకి దిగిపోతుంది. రంగులు నాలుగు, ఋతువుకొకటి చొప్పున. (వాళ్ళ ఋతువులు నాలుగే లెండి.)

మొదట 8,000 కార్లు చేద్దామనుకున్నారు. అడిగేవాళ్ళు మరీ ఎక్కువ కావటంతో 20,000 చేశారు. అప్పటికీ చాలక, ఎవరికి ఇవ్వాలో లాటరీ వేసి తేల్చారు! ఆ తరువాత చేయటం మానేశారు.

ఇక మొదటి ప్రశ్న. కొత్తవి వస్తున్నంత కాలం పాతవి చవకే. చేయటం ఆగిపోయాక లెక్క మారుతుంది. ప్రమాదాల్లో కొన్ని, తుప్పుపట్టి కొన్ని పోతూ వుంటాయేగాని ఒక్కటీ పెరగదు. అయితే తక్కువగా వుంటేనే విలువ వస్తుందా? నా గొడుగులాంటిది లోకంలో ఇంకొకటి లేదు. అయినా దాన్ని ఎవరూ కొనరు. కోరేవాళ్ళు కూడా వుండాలి. ఫిగారోను కంపెనీవారు పరదేశాలలో అమ్మలేదు. కాని జపానులోలాగే ఇంగ్లండులోనూ కార్లకు స్టీరింగు కుడివైపున వుంటుంది. అందుచేత వాడిన ఫిగారోలు ఓడలెక్కి అక్కడికి చేరాయి. అమెరికాలో ఇంకో చిక్కు వున్నది. అక్కడి నిబంధనల ప్రకారం చేయని పరదేశపు కారు 25 ఏళ్ళు నిండితేగాని మామూలుగా రానివ్వరు. ఫిగారోకు 2016లో ఆ వయసు వచ్చింది. దానితో కొత్తగా ఇంకొందరు బేరగాళ్ళు తయారైనారు.

అయినా రేపటి ధరకు నేను హామీ వుండలేను, మామయ్యా వుండలేడు. రేపటి పిల్లలకు ఏ కారు ముద్దొస్తుందో ఎవరు చెప్పగలరు?

మైళ్ళ సంగతిలో మామయ్య మాట కొంత నిజమే. తక్కువ తిరిగిన బండికి అరుగుదల తక్కువ. కాని ఆ అంకెను నమ్మటం ఎలాగ? మోసగాళ్ళు దాన్ని వెనక్కి తిప్పుతారు. ఇంగ్లండులో కారుకు మూడేళ్ళు నిండాక ఏటా పరీక్ష చేయించాలి. పరీక్షలో మైళ్ళ అంకె రాసుకుంటారు. కారు నంబరు కొడితే ఆ లెక్క ఎవరైనా చూసుకోవచ్చు. మరమ్మతు రసీదులు కూడా వుంటే కొనేవాడికి ధైర్యం.

రెండో ప్రశ్న వినండి. కదలని కారుకు అరుగుదల వుండదుగాని, జబ్బులు వుంటాయి. నిలవున్న పెట్రోలులో తేలిక భాగం ఆవిరైపోయి, మిగిలినది జిగురు కట్టి సన్నని దారులను మూసేస్తుంది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీలుస్తుంది. బాటరీ తనంతట తానే నీరసించి, లోపలి పలకలమీద గట్టి స్ఫటికాలు పేరుకుంటాయి. టైర్లు ఒకేచోట బరువు మోసి చదును తేలతాయి, పగుళ్ళిస్తాయి. గుడ్డకప్పును తడిగా మడిస్తే బూజు. నీళ్ళు జారే రంధ్రాలలో ఆకులు పడితే అక్కడ తుప్పు. వీటిలో ఒక్కటికూడా మైళ్ళ అంకెలో కనపడదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పటం లేదు. 1996లో మా అబ్బాయికి ఒక చిన్న సైకిలు కొన్నాను. "గీతలు పడతాయి, హైస్కూలుకు వెళ్ళేటప్పుడు తొక్కుదువుగాని" అని గోనెపట్టా చుట్టి అటకమీద పెట్టాను. మూడేళ్ళకు దించితే టైర్లు పగిలి వున్నాయి, చైను బిగుసుకుపోయింది. డబ్బుపోసి బాగుచేయించాను. వాడు ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు హాండిలుకు తగిలాయి. వాడు ఒక్క మాట కూడా అనలేదు. దిగి, సైకిలు గోడకు ఆనించి, లోపలికి వెళ్ళిపోయాడు.

నాయనా, మామయ్యకు ఈ లెక్క చూపించు. నెలకొకసారి 15 మైళ్ళు తిరిగితే ఏడాదికి 180 మైళ్ళు. పదేళ్ళకు 1,800. ఇంతకు విలువ ఏమంత తగ్గుతుందో ఆయన్నే చెప్పమను. అయిదు నిమిషాలు యంత్రం తిప్పి ఆపేస్తే లాభం లేదు. బాగా వేడెక్కితేగాని లోపలి తేమ పోదు. చలికాలంలో అక్కడ మంచు గడ్డకట్టకుండా రోడ్లమీద ఉప్పు చల్లుతారు. అది ఇనుముకు శత్రువు, అప్పుడు మాత్రం తీయవద్దు. ఈసారి వెళ్ళినప్పుడు వాన లేని ఆదివారం చూసి పైకప్పు తెరవమను. ముందు సీటులో నువ్వు కూర్చో. మామయ్య ఏమన్నాడో నాకు మళ్ళీ రాయి.