మైకు పట్టుకుంటే మారని అలవాట్లు

జంషెడ్‌పూర్ నుంచి ఆదిత్యపూర్ దాటితే గమ్హరియా. ఒకపక్క ఫ్యాక్టరీలు, మరోపక్క సంతాలీ, హో మాట్లాడే పల్లెలు. ఈ బ్లాకు ఉన్న సరాయికేలా-ఖర్సవాన్ జిల్లాలో జరిగిన ఒక ప్రయోగాన్ని ప్రజారోగ్య నిపుణులు ఇప్పటికీ చదువుకుంటున్నారు. మన దగ్గర ఆరోగ్య అవగాహన కార్యక్రమాలకు నిధులు మంజూరు చేసేవాళ్లు మాత్రం దాన్ని చదివినట్టు కనిపించదు.

చక్రధర్‌పూర్ కేంద్రంగా పనిచేసే ‘ఏక్‌జుట్’ సంస్థ 2005 నుంచి 2008 వరకు ఈ జిల్లాలోను, పశ్చిమ సింగ్‌భూమ్‌లోను, ఒడిశాలోని కియోంఝర్‌లోను మహిళా సంఘాలను కూర్చోబెట్టింది. నెలకో సమావేశం. నడిపింది డాక్టరూ కాదు, నర్సూ కాదు, స్థానికంగా ఎంపికైన మహిళ. బొమ్మల కార్డులు పరిచి, బాలింతకూ పసిబిడ్డకూ వచ్చే కష్టాల్లో దేన్ని ముందు పట్టించుకోవాలో మీరే తేల్చండి అన్నారు. ఆ తర్వాత కథ చెప్పి, ‘ఎందుకని?’ అంటూ తవ్వుకుంటూ పోవడం. ఉదాహరణకు, బిడ్డ దక్కలేదు. ఎందుకని? ఒళ్లు చల్లబడింది. ఎందుకని? పుట్టగానే నీళ్లు పోశారు. ఎందుకని? మంత్రసాని ఎప్పుడూ అలాగే చేస్తుంది. ఇక్కడికొచ్చాక ఉపన్యాసం అక్కర్లేదు. ఇకమీదట ఏం చెయ్యాలో ఆ అత్తాకోడళ్లే మాట్లాడుకుంటారు.

ఫలితాలు 2010లో ‘లాన్సెట్’లో వచ్చాయి. మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 32 శాతం తగ్గాయి. చివరి రెండేళ్లే తీసుకుంటే 45 శాతం. విచిత్రమేమిటంటే, ఆస్పత్రికి వెళ్లడం చెప్పుకోదగ్గంత పెరగలేదు. మారింది ఇంట్లోనే: కాన్పు చేసే చేతులు సబ్బుతో కడుక్కోవడం, బొడ్డుకు కట్టే దారం మరిగించడం, తొలి వారాల్లో తల్లిపాలు తప్ప మరేమీ పట్టకపోవడం.

అదే సంచికలో బంగ్లాదేశ్ అధ్యయనమూ ఉంది. దాదాపు ఇదే పద్ధతి, కానీ మరణాలు తగ్గలేదు. ఏక్‌జుట్ సుమారు 468 మందికో సంఘం పెడితే, అక్కడ 1,414 మందికో సంఘం పెట్టారు. తర్వాత అక్కడే 309 మందికో సంఘంగా పెంచి చూస్తే మరణాలు 38 శాతం తగ్గాయి. పద్ధతి మంచిదైతే సరిపోదు, ఊళ్లో చాలినంతమందిని చేరాలి. అసలు ఫలితం రెండో ఏటి నుంచి వచ్చిందన్నది ఇంకా ముఖ్యం. మార్చి 31కి ఖర్చు చూపించి ఫైలు మూసే బడ్జెట్‌తో ఇలాంటి పని జరగదు. ఏడాది తిరక్కుండానే లాభం లేదని ఆపేసిన పథకాల్లో ఎన్ని ఇలా పోయాయో!

మన ప్రణాళికల్లో ఏముంటాయి? ఒక దినోత్సవం, ఒక ర్యాలీ, ఫ్లెక్సీ ముందు ఫొటో, ఎన్ని కరపత్రాలు పంచామన్న లెక్క. ఎంతమంది చేతులు కడుక్కుంటున్నారన్నది ఏ నివేదికలోనూ కనపడదు.

అలాగని పల్లె నమూనాను గమ్హరియా ఫ్యాక్టరీ బస్తీల్లో యథాతథంగా దింపలేం. అద్దె గదుల్లో ఉండే కుటుంబాలు ఏడాది తిరిగేసరికి మకాం మారుస్తాయి. నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషిని పొద్దున పదింటికి సమావేశానికి రమ్మనడం ప్రణాళిక అనిపించుకోదు. షిఫ్టు మారే వేళ, సెలవు రోజు, వాళ్లింట్లో మాట్లాడుకునే భాష, ఇవి ముందు ఖాయం కావాలి. వైద్య విషయాలు ఆ తర్వాత.

జార్ఖండ్ ఈ పనిని తర్వాత సహియాలకు, అంటే మన ఆశా కార్యకర్తల్లాంటివారికి, అప్పగించింది. జార్ఖండ్, ఒడిశాల్లో ఆశాలే నడిపిన సమావేశాలపై 2016లో వచ్చిన అధ్యయనంలోనూ మరణాలు 31 శాతం తగ్గాయి. అయితే ఉన్న పనికి ఇదొకటి తగిలించి, పారితోషికం దగ్గర చేయి ముడిస్తే ఆ సమావేశాలు రిజిస్టర్లలోనే జరుగుతాయి.

తెలుగు రాష్ట్రాలకు కొత్తగా సంఘాలు పెట్టాల్సిన శ్రమ కూడా లేదు. పొదుపు సంఘాలు ఊరూరా ఉన్నాయి, వాయిదాల లెక్కకు ఎలాగూ కూర్చుంటున్నాయి. నెలలో ఒక గంట ఆరోగ్యానికి కేటాయించి, స్థానికంగా ఒక మహిళకు శిక్షణ, తగిన వేతనం ఇచ్చి, మూడేళ్లకు నిధులు ఒకేసారి మంజూరు చేయాలి. వచ్చే బడ్జెట్‌లో ఫ్లెక్సీల పద్దు తగ్గించి అయినా ప్రభుత్వాలు ఈ పని మొదలుపెట్టాలి.