లాడ్జి వైఫైకీ బిల్లింగుకీ మధ్య గోడ

శంషాబాద్‌లో లాడ్జి నడిపేవారికైనా, గోదాం అద్దెకు తీసుకున్నవారికైనా నెట్ ఒక్క ఫైబర్ లైన్ మీదే వస్తుంది. 2008 మార్చిలో విమానాలు బేగంపేట వదిలి ఇక్కడికి మారాక బెంగళూరు హైవేకి అటూ ఇటూ పుట్టుకొచ్చిన చిన్న వ్యాపారాలకు అంతకు మించి అక్కర్లేదు కూడా. లైన్ ఒక్కటే కావడంలో తప్పేమీ లేదు. తప్పంతా అది గుమ్మం దాటి లోపలికి వచ్చాక జరుగుతోంది. రిసెప్షన్ బల్ల కిందికి ఒకసారి వంగి చూస్తే తెలుస్తుంది. ఫైబర్ పెట్టె నుంచి రౌటర్‌కి, రౌటర్ నుంచి దుమ్ము పట్టిన స్విచ్‌కి ఒక వైరు. ఆ స్విచ్‌లోకే బిల్లింగ్ కంప్యూటర్, ప్రింటర్, సీసీ కెమెరాల డీవీఆర్, అంతస్తుకొకటి చొప్పున వైఫై పెట్టెలు. అన్నిటికీ 192.168.1తో మొదలయ్యే అడ్రసులే. తెల్లవారుజామున ఫ్లైట్ ఉందని రాత్రికి దిగిన మనిషి గదిలో పడుకునే, ఫోన్‌లో ఒక స్కానింగ్ యాప్ తెరిచి ఇవన్నీ వరసగా చూడగలడు. డీవీఆర్‌కి ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంటే కారిడార్ కెమెరాలూ చూడగలడు. బస చేసినవాళ్ల ఆధార్ కాపీలు పెట్టిన ఫోల్డర్‌ను పాస్‌వర్డ్ లేకుండా షేర్ చేసి ఉంటే అవీ అతని చేతికొస్తాయి.

రౌటర్‌లోనే ఫైర్‌వాల్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కానీ అది కాపలా కాసేది వీధి గుమ్మాన్ని. ఒకే స్విచ్‌కి తగిలించిన రెండు కంప్యూటర్లు మాట్లాడుకుంటే ఆ మాట రౌటర్ దాకా రానే రాదు, స్విచ్‌లోనే తిరిగిపోతుంది. తన ముందు నుంచి వెళ్లనిదాన్ని ఏ ఫైర్‌వాలూ ఆపలేదు. కాబట్టి గదుల వైఫై, కెమెరాలు, బిల్లింగ్ వేర్వేరు నెట్‌వర్కులుగా ఉండాలి. ఒకదాని నుంచి ఇంకొకదానికి వెళ్లాలన్నా, బయటి ఇంటర్నెట్‌కి వెళ్లాలన్నా ఫైర్‌వాల్ మీదుగానే దారి ఉండాలి. పక్కనే ఉన్న విమానాశ్రయం చేసేది ఇదే. లోపలికి వచ్చే రోడ్డు అందరికీ ఒకటే అయినా, టికెట్ కొన్నంత మాత్రాన రన్‌వే మీదికి ఎవరూ పోనివ్వరు.

ఇదంతా పెద్ద కంపెనీల గొడవ అనుకునేవాళ్లకు మన నగరంలోనే ఒక కేసు ఉంది. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి దొంగలు 12 కోట్ల రూపాయలకు పైగా కాజేశారు. అప్పటి పోలీస్ కమిషనర్ సి.వి. ఆనంద్ మార్చిలో దర్యాప్తు వివరాలు బయటపెట్టారు. అంతకుముందు నవంబరులో బ్యాంకు ఉద్యోగులకు రెండు వందలకు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయి. ఒకటి ఫలించింది, దొంగ సాఫ్ట్‌వేర్ లోపల దిగింది. ఇంతవరకు ఏ ఆఫీసులోనైనా జరగొచ్చు. మెయిల్ తెరిచిన ఉద్యోగిని తిట్టి లాభం లేదు, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తెరుస్తారు. అసలు దెబ్బ తర్వాత పడింది. నెట్‌వర్కును వీలాన్లుగా, అంటే ఒకే స్విచ్ మీద వేర్వేరు నెట్‌వర్కులుగా, విడదీయలేదు, ఫైర్‌వాల్‌కి చెల్లుబాటయ్యే లైసెన్సు లేదు, పదిమంది సూపర్ యూజర్లలో కొందరిది ఒకే పాస్‌వర్డ్. ఒక మూల దూరినవాడికి ఇల్లంతా తన సొంతమైపోయింది. 2023లో రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. అమెరికాలో 2013లో టార్గెట్ దుకాణాల నుంచి 4 కోట్ల కార్డుల వివరాలు పోయినప్పుడూ దొంగలకు మొదట చిక్కింది ఏసీలు, ఫ్రిజ్‌లు చూసే కాంట్రాక్టర్ లాగిన్. మన కెమెరాల మెకానిక్‌కి ఇచ్చిన పాస్‌వర్డ్ గురించి ఎవరు ఆలోచిస్తున్నారు?

దేనికి దానికి విడిగా లైన్ తీసుకుంటే పోలేదా అన్నది న్యాయమైన ప్రశ్నే. నిజంగా విడివిడిగా ఉంచితే అదీ గోడే. కానీ బిల్లింగ్ కంప్యూటర్ నుంచి కెమెరాలు చూడాలని ఓనర్ అడిగిన రోజున ఎవరో రెండు స్విచ్‌ల మధ్య ఒక వైరు వేస్తారు, గోడ కూలుతుంది. పైగా నెల నెలా రెండు మూడు బిల్లులు, ఎవరూ చూడని రెండు మూడు రౌటర్లు. ఒక్క ఫైర్‌వాల్ ఉంటే ఏ ఫోన్ ఎప్పుడు ఎక్కడికి వెళ్లిందో రాసిపెట్టే లాగ్ కూడా ఒక్కచోటే ఉంటుంది. లోపల ఎన్ని ఫోన్లున్నా బయటి ప్రపంచానికి కనిపించేది ఒకే అడ్రసు. రేపు ఎవరో గదిలోంచి మోసం చేస్తే పోలీసులు ఆ అడ్రసు పట్టుకుని ఓనర్ దగ్గరికే వస్తారు. లాగ్‌లు 180 రోజులు దాచాలని, సైబర్ ఘటనను 6 గంటల్లో తెలపాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది కూడా.

ఆ ఒక్క ఫైర్‌వాల్ పెట్టే చెడిపోతే అంతా ఆగిపోదా అంటే, ఆగిపోతుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో ప్రపంచమంతా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి, శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కాపలావాడే కాలు అడ్డం పెట్టాడన్నమాట. అందుకు మందు కాపలా తీసేయడం కాదు. వేరే కంపెనీ నుంచి చవక లైన్ ఒకటి తెచ్చి అదే ఫైర్‌వాల్‌కి రెండోదిగా కలపాలి, సెట్టింగుల కాపీ దాచాలి, మార్చడానికి ఇంకో పెట్టె సిద్ధంగా ఉంచాలి. ఖర్చు అంటారా, పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ లాంటి ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. ఇంకో నెట్‌వర్క్ కార్డు పెట్టిన పాత డెస్క్‌టాప్ చాలు, వీలాన్లు తెలిసిన స్విచ్ మాత్రం కొనాలి.

డబ్బుకన్నా నాకు భయం ప్రింటర్ అంటే. గోడ కట్టిన మర్నాడు ప్రింట్ రావడం లేదని ఫోన్ వెళ్తుంది. వచ్చిన కుర్రాడు ఆ ఒక్క ప్రింటర్‌కి దారి తెరవడానికి బద్ధకించి, అన్నిటి నుంచి అన్నిటికీ అనుమతి అని ఒక రూల్ రాసి వెళ్లిపోతాడు. పెట్టెలో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. అందుకే పని చేయించుకున్న రోజూ, రిపేరుకి మనిషి వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఓనర్ తన ఫోన్‌ని గదుల వైఫైకి కలిపి బ్రౌజర్‌లో డీవీఆర్ అడ్రసు కొట్టి చూడాలి. లాగిన్ పేజీ వస్తే డబ్బులివ్వకండి.