ఎడ్డీ చావును తూచ్ అన్నారు

‘ది ఫ్లాష్’ సిరీస్ మీద ఒక నింద ఉంది. అది ఎంతగా నలిగిందంటే, సిరీస్ చూడనివాళ్ళు కూడా తడుముకోకుండా అప్పజెప్పేస్తారు. మొదటి సీజన్ చివర డిటెక్టివ్ ఎడ్డీ థాన్ తన గుండెల్లోకి తనే తుపాకీ పేల్చుకుంటాడు. ఎప్పుడో భవిష్యత్తులో అతని వంశంలో పుట్టాల్సిన విలన్ ఎబార్డ్ థాన్ దాంతో ఇక పుట్టనే పుట్టడు. మరి పుట్టనివాడు 2000 సంవత్సరానికి వెళ్ళి, ఫ్లాష్ అయిన బ్యారీ ఆలెన్ తల్లిని ఎలా చంపాడు? చంపకపోతే బ్యారీ తండ్రి జైలుకెందుకు వెళ్ళాడు? హారిసన్ వెల్స్ ముఖం తగిలించుకుని స్టార్ ల్యాబ్స్‌ను నడిపిందెవరు? అక్కడి యంత్రం పేలకపోతే బ్యారీకి పరుగెక్కడిది? కాబట్టి 2015 మే 19 రాత్రితోనే కథ చచ్చిపోయింది, ఆ తర్వాత వచ్చినవన్నీ శవజాగరణే. ఇదీ తీర్పు. 184 ఎపిసోడ్ల సిరీస్‌ను ఇరవై మూడో ఎపిసోడ్ దగ్గరే పాతేసే తీర్పు.

ఈ తీర్పు చెల్లదు. నేను ఆ సిరీస్ తరఫు వకీలునేం కాను. 2014 నుంచి 2023 దాకా సాగిన ఆ తొమ్మిది సీజన్లలో చీవాట్లు పెట్టాల్సిన చోట్లు బోలెడున్నాయి. నా గొడవల్లా ఒక్కటే. చేయని నేరానికి ముద్దాయిని బోనెక్కించి, పట్టపగలు చేసిన నేరాన్ని మాత్రం ‘సూపర్‌హీరో కథే కదా’ అని వదిలేస్తున్నారు.

ముందు ముద్దాయి వాంగ్మూలం వినాలి. నింద వేసేవాళ్ళలో చాలామంది అది వినలేదు. 2016 జనవరి 26న, రెండో సీజన్ పదకొండో ఎపిసోడ్‌లో ఎబార్డ్ థాన్ మళ్ళీ వస్తాడు. ఈసారి వెల్స్ ముఖంతో కాదు, సొంత ముఖంతో. ఇతను మొదటి సీజన్‌లో మాయమైపోయిన ఎబార్డ్ కాదనీ, బ్యారీ తల్లిని చంపడానికి ఇంకా బయల్దేరని, అంతకన్నా వెనకటి ఎబార్డ్ అనీ, అతని వంశం తెగిపోయిన క్షణాన, ఈ పరుగులకు మూలమైన స్పీడ్ ఫోర్స్‌లో ఉన్నాడు కాబట్టి చెరిగిపోకుండా మిగిలాడనీ అక్కడ చెబుతారు. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు టైమ్ రెమ్నెంట్. తిరిగే ఫ్యాన్ రెక్కల మధ్య ఇరుక్కున్న పిట్టలా ఉంటుంది ఆ వివరణ, బతికుందో లేదో తేల్చి చెప్పలేం. కానీ వివరణంటూ ఉంది. వివరణ నచ్చకపోవడం వేరు, వివరణే లేకపోవడం వేరు. ప్లాట్ హోల్ అనే మాట రెండోదానికే చెల్లుతుంది.

పైగా ఆ సూత్రాన్ని ఎబార్డ్‌ను బతికించుకోవడానికి అప్పటికప్పుడు అతికించారని కూడా అనలేం. సిరీస్ దాన్ని మిగతా చోట్లా పాటించింది. బ్యారీ తల్లిని కాపాడి, మళ్ళీ చంపనిచ్చి, అలా పుట్టిన ‘ఫ్లాష్‌పాయింట్’ అనే లోకం నుంచి తిరిగొచ్చాక, పాత లోకం ఎలా ఉండేదో అతనికి మాత్రం గుర్తుంటుంది. ప్రయాణం చేసినవాడు లెక్కకు బయట ఉంటాడు, ఇంట్లో కూర్చున్నవాళ్ళు లెక్కలో పడి మారిపోతారు. అందుకే బ్యారీ నేస్తం సిస్కో వాళ్ళ అన్నయ్య పోతాడు, ‘యారో’ సిరీస్‌లోని డిగ్ల్ కూతురు సారా కాస్తా కొడుకు జాన్ అవుతుంది, వాళ్ళకు మాత్రం తేడా తెలియదు. ఎబార్డ్ తిరిగొచ్చిన ఎపిసోడ్‌లోనే చూడండి. అతన్ని బంధించి వెనక్కి పంపకుండా ఉంచేసరికి, జరిగిన గతం జరగకుండా పోతుంది, సిస్కో మూర్ఛలు వచ్చి పడిపోతాడు. తల్లిని చంపినవాణ్ణి బ్యారీ తన చేతుల్తోనే అతని కాలానికి సాగనంపాల్సి వస్తుంది. కథగా చూసినా మంచి చోటు అది. సూత్రం హీరో మెడకే చుట్టుకుంది మరి.

అయితే ఆ సూత్రంలో అసలు తేడా కొట్టిన చోటు ఒకటుంది. నింద వేసేవాళ్ళ జాబితాల్లో అది ఎప్పుడో గానీ కనిపించదు. రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో బ్యారీ వెనక్కి పరుగెత్తి ఎబార్డ్‌ను ఆపి తల్లిని కాపాడతాడు కదా. అదే ఇంట్లో, తలుపు చాటున, మొదటి సీజన్ ముగింపులో తల్లిని చివరిసారి చూడ్డానికి వచ్చిన బ్యారీ నిలబడి ఉంటాడు. తల్లి బతికిందో లేదో, ఆ తలుపు చాటు బ్యారీ పొగలా చెదిరిపోతాడు. అతనూ కాలంలో ప్రయాణం చేసి వచ్చినవాడే. స్పీడ్ ఫోర్స్ ఎబార్డ్‌కు పట్టిన గొడుగు అతనికెందుకు పట్టలేదు? ఎబార్డ్ విషయంలోనూ అంతే. ఎడ్డీ పేల్చుకున్నప్పుడు స్టార్ ల్యాబ్స్‌లో ఉన్న ఎబార్డ్ కళ్ళముందే కరిగిపోయాడు, అతనికంటే చిన్నవాడైన ఇంకో ఎబార్డ్ నిక్షేపంలా ఉన్నాడు. మనిషి ఒకడే, అతని ప్రయాణాలు రెండు, ఒక ప్రయాణానికి రక్షణ ఉంది, ఇంకోదానికి లేదు. అడగాల్సిన ప్రశ్న ఇదీ. ‘పుట్టనివాడు ఎలా చంపాడు’ అనేది మాత్రం కాల ప్రయాణం ఉన్న ఏ కథ పీకకైనా వేయగల ఉరితాడు. అన్ని కథలకూ పట్టే నింద ఏ ఒక్క కథ తప్పునూ పట్టుకోలేదు.

ఇక పట్టపగలు జరిగిన నేరం సంగతి.

ఎడ్డీ చావు ఎందుకంత బలంగా తగిలింది? అతనికి 2024 నాటి వార్తాపత్రిక చూపించి ఎబార్డ్ ఎగతాళి చేస్తాడు. అందులో వార్త రాసినావిడ పేరు ఐరిస్ వెస్ట్-ఆలెన్. అంటే తను ప్రేమించిన పిల్ల బ్యారీని పెళ్ళాడుతుంది, తను చరిత్రలో ఎక్కడా లేడు. కుంగిపోయిన ఎడ్డీకి ప్రొఫెసర్ మార్టిన్ స్టైన్ ఒక సంగతి చెబుతాడు. ఈ మొత్తం కథలో తన భవిష్యత్తును తానే ఎంచుకోగలవాడివి నువ్వొక్కడివే అన్నట్టు. ఆ మాట పట్టుకునే ఎడ్డీ తుపాకీ ఎత్తుతాడు. శక్తులేవీ లేనివాడు, ఆ సీజన్ పొడుగునా పక్కనే నిలబడి ఉన్నవాడు, ఫ్లాష్ వల్ల కానిది చేసి చూపిస్తాడు. రాసినవాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలనిపించే ముగింపు.

తొమ్మిది నెలలు తిరక్కుండానే ఎబార్డ్ వచ్చేశాడు. సరే, అతను వెనకటి ఎబార్డ్ అన్నారు, ఒప్పుకుందాం. 2016-17లో ‘లెజెండ్స్ ఆఫ్ టుమారో’ రెండో సీజన్ పొడుగునా ఇదే ఎబార్డ్, తన పుట్టుకను తిరిగి రాయించుకోవడానికి, కాలంతో ఆడుకునేవాళ్ళను వేటాడే బ్లాక్ ఫ్లాష్ నుంచి పారిపోతూ తిరిగాడు. నిజానికి ఎడ్డీ చావుకు విలువ కట్టిన భాగం అదే. బతికున్నాడు గానీ కాలు ఒకచోట నిలవదు, ఆగితే చస్తాడు. ‘ఫ్లాష్’ మాత్రమే చూసేవాళ్ళకు ఆ సంగతి అందనే లేదు, అది వేరే గోల. ఆ సీజన్ చివర బ్లాక్ ఫ్లాష్ అతన్ని పట్టి తుడిచేస్తుంది. హమ్మయ్య, లెక్క తేలింది అనుకునేలోగా 2017 నవంబర్‌లో ‘క్రైసిస్ ఆన్ ఎర్త్-ఎక్స్’ క్రాసోవర్‌లో నాజీలతో చేతులు కలిపి, అదీ మళ్ళీ వెల్స్ ముఖంతో, నవ్వుతూ దిగాడు. ఎలా బతికావంటే నిలకడైన జవాబు లేదు. ఐదో సీజన్‌లో 2049 నాటి జైల్లో కూర్చుని బ్యారీ కూతురికి గురువయ్యాడు.

చిన్నప్పుడు గోళీలాటలో ఓడిపోయేవాడు చివర్లో ‘తూచ్’ అనేవాడు గుర్తున్నాడా? ఎడ్డీ చావును రచయితలు అలా తూచ్ అన్నారు. ఒకసారి కాదు, ఎబార్డ్ అవసరం పడ్డ ప్రతిసారీ. అదీ చాలక, 2023లో ఆఖరి సీజన్ ఆఖరి నాలుగు ఎపిసోడ్లలో నెగెటివ్ స్పీడ్ ఫోర్స్ పేరు చెప్పి ఎడ్డీనే సమాధిలోంచి లేపి, కోబాల్ట్ బ్లూ అనే విలన్‌గా నిలబెట్టారు. ఎవరి త్యాగం మీద సిరీస్ పేరు నిలిచిందో, ఆ త్యాగం చేసినవాడి చేతే ‘నా చావు వృథా అయింది’ అన్న కోపాన్ని పలికించారు. ఆ కోపం న్యాయమైనదే, ప్రేక్షకుడిదీ అదే కోపం. కానీ ఆ కోపాన్ని పుట్టించినవాళ్ళే దాన్ని విలన్ నోట్లో పెట్టి, చివరికి నచ్చజెప్పి చల్లార్చేస్తే ఒళ్ళు మండదూ?

తర్కంలోని కన్నాన్ని ఒక వాక్యంతో పూడ్చొచ్చు, స్పీడ్ ఫోర్స్ ఉండనే ఉంది. మొదటి సీజన్‌లో తెలిసీ తెలిసీ ‘ఈ చావుతో అంతా మారుతుంది’ అని మాటిచ్చి, తర్వాత తప్పడాన్ని దేంతోనూ పూడ్చలేరు. నింద వేసేవాళ్ళు మొదటిదాన్ని పట్టుకుని ఊగుతుంటే రెండోది తప్పించుకు తిరుగుతోంది.

చిల్లర నిందల సంగతి త్వరగా తేల్చేద్దాం. వార్తాపత్రికలో ‘ఫ్లాష్ అదృశ్యం’ తేదీ మొదట 2024 ఏప్రిల్ 25 అని ఉండి తర్వాత 2019 డిసెంబర్ 10 అయిందనీ, అది కంటిన్యుటీ తప్పనీ అంటారు. కాదు. ఐదో సీజన్ చివర ఆ తేదీ మన కళ్ళముందే మారుతుంది, అదే ఆ సన్నివేశం. మూడో సీజన్ విలన్ సావిటార్‌కు మొదలెక్కడా అంటారు. భవిష్యత్తులోని బ్యారీ సృష్టించిన రెమ్నెంటే సావిటార్, అతనితో పోరాడ్డానికే బ్యారీ ఆ రెమ్నెంట్‌ను సృష్టించాడు. తోకను తాను మింగే పాము అది, దాన్ని కావాలనే అలా చుట్టారు. బ్యారీ జ్ఞాపకాలు తుడిచేస్తే సావిటార్‌కూ బుర్ర ఖాళీ అయిపోవడం, సావిటార్ వల్ల శక్తులొచ్చిన ఐరిస్ తమ్ముడు వాలీ పరుగు పోగొట్టుకోవడం మూడో సీజన్‌లోనే ఉన్నాయి. అంత బుద్ధిగా లెక్క చూసుకున్న ఎపిసోడ్ ఆ సిరీస్‌లో అరుదు. ఆరో సీజన్ కథ సగంలో తెగిపోయిందంటారు. 2020లో కరోనాతో షూటింగ్ ఆగి, పందొమ్మిది ఎపిసోడ్లకే సీజన్ ముగించాల్సి వచ్చింది. ఇవన్నీ పట్టుకుని పీకడం కోడిగుడ్డు మీద ఈకలు పీకడమే.

ఇప్పుడు అవతలి పక్షం. ‘మనిషి శబ్దం కంటే వేగంగా పరుగెత్తడాన్ని నమ్మినవాడివి, మిగతాది నమ్మడానికేం? కథకు కాళ్ళు లేవు, ముంతకు చెవులు లేవు’ అని చేతులు దులుపుకునే అభిమానులు. వీళ్ళతో నా తగాదా ఇంకా పెద్దది. వీళ్ళు సిరీస్‌ను కాపాడుతున్నామనుకుని దాన్ని చిన్నపిల్లల ఆటవస్తువు చేస్తున్నారు. ‘మాయాబజార్’లో సత్యపీఠం ఎక్కినవాడు నిజం చెప్పి తీరాలి. శకుని అంతటివాడు ఎక్కినా అంతే. ఆ ఒక్క నియమం సడలి ఉంటే ఆ ముగింపుకు నవ్వేవాళ్ళెవరు? మాయ ఎంత పెద్దదైతే నియమం అంత గట్టిగా ఉండాలి. మన ప్రేక్షకులు 1957 నుంచీ ఇది ఎరుగుదురు.

‘ఫ్లాష్’కు కాళ్ళు లేకపోవడమేంటి, ఆ కథకు ఉన్నవే కాళ్ళు. వాటి వేగాన్ని సిరీసే అంకెల్లో పెట్టింది. మొదటి సీజన్ ఆరో ఎపిసోడ్‌లో, ఒళ్ళు ఉక్కుగా మారే టోనీ వుడ్‌వర్డ్‌ను పడగొట్టాలంటే బ్యారీ గంటకు 837 మైళ్ళ వేగంతో గుద్దాలని లెక్క కట్టి మరీ చెప్పారు. ఆ వేగం అందుకోవడానికి అతను ఊరి బయట నుంచి పరుగెత్తి రావాలి. చూసేవాళ్ళకు ఆ దూరం తెలుసు, ఆ గుద్దు విలువా తెలుసు. ఇంకొన్నాళ్ళకు అతను కాలాన్నే దాటేశాడు. అలాంటివాడు తుపాకీ పట్టుకున్నవాడి ఎదుట నిలబడి ‘దించు’ అని బతిమాలడం, వేగం లేనివాడి దెబ్బకు గోడకు కొట్టుకోవడం, విలన్ వీపు తిప్పి నడిచిపోతుంటే చూస్తూ ఉండిపోవడం ఎన్నో చోట్ల జరుగుతాయి. ఒక వారం ఉన్న వేగం ఇంకో వారం ఉండదు. అలసట, గాయం, పరికరం అంటూ కారణం చెప్పిన చోట్లున్నాయి, వాటితో నాకు పేచీ లేదు. లియొనార్డ్ స్నార్ట్ చేతిలోని కోల్డ్ గన్ అలాంటిదే, అది బ్యారీని నెమ్మదింపజేయగలదని ముందే చూపించారు. కారణం చెప్పని చోట్లతోనే పేచీ.

దీనికి అభిమానులు చెప్పే సమాధానం ఎప్పుడూ ఒకటే. ‘అతను తన వేగం పూర్తిగా వాడితే ప్రతి ఎపిసోడూ రెండు నిమిషాల్లో అయిపోతుంది కదా!’ వినడానికి గడుసుగానే ఉంది. ఈ వాదాన్ని ఆ సిరీసే కొట్టిపారేసింది. 2018 మార్చిలో వచ్చిన నాలుగో సీజన్ పదిహేనో ఎపిసోడ్, ‘ఎంటర్ ఫ్లాష్‌టైమ్’. సెంట్రల్ సిటీ నడిబొడ్డున అణుబాంబు పేలుతుంది. బ్యారీ ఎంత వేగంలోకి వెళ్తాడంటే ఆ పేలుడు గాలిలో నిలిచిపోయినట్టుంటుంది. ఆ రెప్పపాటులోనే ఎపిసోడ్ మొత్తం నడుస్తుంది. అతనిలాగే పరుగెత్తగల జెస్సీ క్విక్ వస్తుంది, జే గారిక్ వస్తాడు, ఒక్కొక్కరే ఓపిక అయిపోయి ఆగిపోతారు. బ్యారీ తన వేగంలోకి ఒక్కొక్క మనిషినీ లాగి సలహా అడుగుతాడు. ఇక ఊరు దక్కదనిపించి, కనీసం ఒక్కసారి చూసుకుందామని ఐరిస్‌ను లాగుతాడు. ఆమెతో మాట్లాడుతుండగానే దారి దొరుకుతుంది. వేగాన్ని ఎక్కడా తగ్గించలేదు, దాచలేదు, మరిచిపోలేదు. ఆ వేగానికే ఒళ్ళు హూనమయ్యే ఖరీదు పెట్టి నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. అలా రాయడం వాళ్ళకు చేతకాదని ఎవరూ అనలేరు, ఒకసారి రాసి చూపించారు కనుక.